చుక్క దగ్గర కిటికీ

గడియారం మేడం వస్తోందంటే బళ్ళలో గంట కొట్టకుండానే నిశ్శబ్దం వచ్చేది. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. మెడలో నల్ల తాడుకు వేలాడే గుండ్రటి గడియారం, చంకలో కాగితాల అట్ట, ముఖంలో ఏ భావమూ లేకపోవడం. ఈ మూడోది ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. అది నియమం. పిల్లలు చదువుతుంటే కొలిచేవారు నవ్వకూడదు, తల ఊపకూడదు, ఎక్కడైనా తడబడితే మాట అందించకూడదు. ఆ నియమాలు రాసింది ఎవరో పరాయివాళ్ళయితే ఆమె రోజూ నాలుగు తిట్లు తిట్టుకుని హాయిగా ఉండేది. రాసింది తనే. తను తవ్విన గోతిలో తను పడ్డవాళ్ళకు ఆ సుఖం కూడా ఉండదు.

పని ఇదీ. రెండో తరగతి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పేజీ చేతికిచ్చి, నిమిషంపాటు చదివించాలి. తప్పు లేకుండా ఎన్ని పదాలు చదివిందో లెక్కపెట్టాలి. లెక్క లక్ష్యాన్ని అందుకుంటే పిల్ల నెగ్గినట్టు. పిల్లల్లో ఎక్కువమంది నెగ్గితే బడి నెగ్గినట్టు. నెగ్గని బడి గేటుకు పసుపు బోర్డు తగిలిస్తారు, ‘లక్ష్యం చేరని బడి’ అని. ఆ గేటులోంచే పిల్లలు రోజూ లోపలికి రావాలి, చదవడం రాదని వాళ్ళ గురించే రాసిన ఆ మాటను చదువుకుంటూ.

అలాగని ఆ గడియారాన్ని ఆడిపోసుకోవడం కూడా అన్యాయమే. ఒక బడిలో పిల్లలు బొమ్మ చూసి పాఠమంతా గడగడా అప్పజెప్పేవారు. బొమ్మ లేని పేజీ ఇస్తే నోట మాట లేదు. ఎంతమంది పెద్దలు వచ్చి భుజాలు తట్టి వెళ్ళారో, ఒక్కరికీ అనుమానం రాలేదు. గడియారం ఒక్క పూటలో పట్టుకుంది. అలాంటి పిల్లల కోసమే ఆమె పాఠాలు వదిలి ఆఫీసుకు వెళ్ళింది. లక్ష్యాలు పెట్టే కమిటీలో పాఠం చెప్పినవాళ్ళు ఒక్కరైనా ఉండాలని పిలిస్తే, ఏడాదిలో తిరిగొస్తానని చెప్పి వెళ్ళింది. ఆఫీసుల్లో ఏడాది అనేది బాగా సాగే వస్తువు.

ఇప్పుడు ఆమెకు మళ్ళీ బడి కావాలి. అదొక్కటే కావాలి.

మొదటి తరగతిలో ప్రతి పిల్లకీ ఒక రోజు వస్తుంది. అంతవరకు ప, ల, క అని అక్షరాలను విడివిడిగా మోసుకొస్తున్న పిల్ల ఉన్నట్టుండి ఆగి ‘పలక’ అంటుంది. అని, తన నోటి నుంచి వచ్చిన మాటకు తనే ఉలిక్కిపడి, ముందున్న పలకను చూస్తుంది. తర్వాత తలెత్తి టీచరు ముఖం చూస్తుంది. ఆ చూపు కోసం గడియారం మేడం ప్రాణం కొట్టుకుపోయేది. ఆమె వెళ్ళే ప్రతి బడిలోనూ ఆ రోజు ఎప్పుడో అయిపోయి ఉండేది. చదువు వచ్చేసిన పిల్లలే వరసగా వచ్చి ఎదురుగా కూర్చునేవారు. పెళ్ళి అయ్యాక పందిరి కొలిచే ఉద్యోగం తనదని ఆమె భర్తతో అంటూండేది. ఆఫీసు పక్క సందులో ఒక బడి ఉంది. అక్కడ పొద్దున్న గంట కొట్టగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడేది. లేచాక, ఎందుకు లేచిందో ఎవరైనా అడుగుతారేమోనని బీరువా దగ్గరికి వెళ్ళి ఏదో వెతికేది.

ఆఫీసులో అయిదేళ్ళు నిండితే తరగతి మీద హక్కు పోతుందన్నది పాత నిబంధన. ఈ వేసవికి ఆ అయిదూ నిండుతాయి.

ఆమె పైన ఉన్న అధికారిని అందరూ శాతం సారు అంటారు. జలుబు ఎలా ఉందండీ అని అడిగితే, డెబ్బై శాతం తగ్గిందని చెప్పే మనిషి. చెడ్డవారు కాదు. ఆమె పెట్టుకున్న విన్నపం ఆయన బల్ల మీదే ఉంది.

“మీ పరిధిలో బళ్ళన్నీ లక్ష్యం చేరాయనుకోండి, అప్పుడు నేను పైవాళ్ళని అడగగలను,” అన్నారాయన. “ఈవిడ పని నూటికి నూరు శాతం పూర్తయింది, ఇక బడికి పంపించేద్దామని. ఒక్క బడి తగ్గినా నోరెత్తలేను మేడం. పని మిగిలే ఉందిగా అంటారు.”

అన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. రైలు పట్టాల అవతల, రంపపు మిల్లు వెనకాల ఉన్న చిన్న బడి అది. గోడల మీద ఎప్పుడూ రంపపు పొట్టు పేరుకుని ఉంటుంది. అసలు కొలతకు ముందు ఉత్తుత్తి కొలత ఒకటి చేస్తారు. దానికోసం ఆమె ఆ బడికి వెళ్ళింది.

ఆ రోజు పిల్లలు చదువుతుంటే ఆమెకు మొదట ఏం జరుగుతోందో అర్థం కాలేదు. పేజీ అందరికీ ఒకటే, అదీ ఆమె రాసిందే. వాన మొదలైంది. అమ్మ పరుగెత్తి బట్టలు తీసింది. తీగ మీద ఒక్క చొక్కా ఉండిపోయింది. అది తాతయ్య చొక్కా. గాలికి చేతులు ఊపుతోంది. ఇలా సాగుతుంది. పిల్లలు పదాలను వేరుశనగ గుల్ల వలిచినంత తేలిగ్గా చదివేస్తున్నారు. చుక్క రాగానే మాత్రం ఆగిపోతున్నారు. చుక్క మీద వేలు పెట్టి, తల ఎత్తి, కిటికీలోకి చూస్తున్నారు. తీరిగ్గా చూసి, అప్పుడు వేలు జరిపి తర్వాతి వాక్యం మొదలుపెడుతున్నారు. గడియారం ఆగదు కదా. ఒక్కొక్కరు లక్ష్యానికి నాలుగడుగుల దూరంలో చతికిలపడుతున్నారు.

పిల్లలు వెళ్ళాక ఆమె టీచరును పిలిచింది. ఆ ఏడే కొత్తగా వచ్చిన మనిషి, ముప్పై దాటి ఉంటుంది.

“వీళ్ళకి ఆ కిటికీ పిచ్చి ఎక్కడిదమ్మా?”

టీచరు ముందు నవ్వింది, తర్వాత సిగ్గుపడింది. “మీదేనండి. నన్ను గుర్తుపట్టలేదు కదూ? నేను నత్తని.”

గడియారం మేడం చేతిలోని అట్ట బల్ల మీద పెట్టేసింది. ఆమె ఉద్యోగంలో చేరిన తొలి ఏడు, మొదటి బెంచీలో ఓ మూల కూర్చునేది ఈ పిల్ల. తక్కినవాళ్ళు పేజీ తిప్పేసరికి ఈమె రెండో వరసలో ఉండేది. పిల్లలు నత్త అని పేరు పెట్టారు. పరిగెత్తలేక రోజూ ఏడిచేది. ఆ ఏడుపు చూడలేక కొత్త టీచరు తరగతి మొత్తానికీ ఒక పద్ధతి పెట్టింది. చుక్క రాగానే అందరూ ఆగాలి. కిటికీలోకి చూడాలి. ఇప్పుడు చదివింది అక్కడ కనబడేదాకా చూడాలి. ఆవు పడుకుందని చదివితే ఆవు కనబడాలి. కనబడకపోతే మళ్ళీ చదవాలి. ఈలోగా నత్త వచ్చి అందరితో కలిసేది. కొన్నాళ్ళకు నత్త కోసం పెట్టిందన్న సంగతి అందరూ మర్చిపోయారు. చదవడమంటే అదేనని అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది, ఎన్నో ఏళ్ళు అలాగే చెప్పింది.

అలాంటి మనిషి, లక్ష్యం పెట్టిన రోజున ఆ సంగతే ఎలా మర్చిపోయింది? ఆమె తర్వాత చాలా ఆలోచించింది. నిమిషానికి ఇన్ని పదాలని అంకె వేసింది కమిటీ గదిలో. ఆ గదికి కిటికీ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం ఆయనది. రోజూ అడిగేదే అడిగాడు. “ఇవాళ నిమిషానికెన్ని?”

ఆమె నవ్వలేదు. కూర్చుని మొత్తం చెప్పింది. నత్త గురించి, కిటికీ గురించి, శాతం సారు మాట గురించి.

“నువ్వూ అలాగే చదివేదానివి,” అన్నాడాయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి. “పెళ్ళైన కొత్తలో పేపరు మనిద్దరికీ ఒకటే కదా. వాక్యానికోసారి తల ఎత్తి బయటికి చూసేదానివి. పేజీ తిప్పదేమిట్రా బాబూ అని నాకు ఒళ్ళు మండేది. ఎప్పుడు మానేశావో నేను కూడా చూసుకోలేదు.”

“ఆ పిల్లలకి వేగం ఉందండీ. ఒక్క పూట తల ఎత్తకుండా చదివితే అందరూ నెగ్గుతారు. బడికి బోర్డు పడదు. నేను బడికి వెళ్ళిపోతాను.”

“అయితే చెప్పు.”

“ఎలా చెప్పను?”

“అయితే ఊరుకో.”

“ఎలా ఊరుకోను?”

“అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నీ పని,” అని ఆయన చొక్కా మడతపెట్టాడు. “నా మటుకు నాకు నువ్వు బడికి వెళ్ళాలనే ఉంది. బడి నుంచి వచ్చే నా పెళ్ళాం తలనిండా సుద్దతో, నోటినిండా కబుర్లతో వచ్చేది. ఈ ఆఫీసు నుంచి వచ్చే ఆవిడతో నాకింకా సరిగ్గా పరిచయం కాలేదు,” అన్నాడు. ఆమెను నవ్వించడానికే అన్నాడు గాని, అన్నాక ఇద్దరికీ నవ్వు రాలేదు.

అసలు కొలత రోజు ఆమె పెందలాడే బయల్దేరింది. రైలు గేటు దగ్గర నిలబడి బండి పోయేదాకా తనకు తనే నచ్చజెప్పుకుంది. ఒక్క పూటే కదా. పిల్లలకు పోయేదేముంది? రేపటి నుంచి మళ్ళీ చూసుకుంటారు. తను తరగతికి వెళ్ళాక ఇలాంటి పిల్లలను ఎంతమందిని తయారుచేయగలదో. మనసుకు కావలసింది ఒకటుంటే బుద్ధి ఎన్ని సాక్ష్యాలైనా తెచ్చిపెడుతుంది.

వరండాలో టీచరు ఎదురొచ్చింది. గడియారం మేడం గొంతు తగ్గించి, ఉన్నదున్నట్టు చెప్పింది. నిబంధన, విన్నపం, మిగిలిన ఒక్క బడి.

“అంటే మీరు తరగతికి రావడానికి మా కిటికీ ఒక్కటే అడ్డమా?” అంది టీచరు.

“అదొక్కటే తల్లీ.”

“ఇంతోటి దానికి మీరు బతిమాలడం ఏంటండీ. నాకోసం మీరు క్లాసు క్లాసంతా ఆపారు. మీకోసం ఒక్క పూట నేను పరిగెత్తించలేనా?”

ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. ‘ఇవాళ ఒక్కరోజే’ అని పిల్లలకు చెప్పడం వరండాలోకి వినిపించింది. గడియారం మేడానికి సంతోషం కలగాల్సింది. ఏదో దొంగసొత్తు చేతిలో పెట్టినట్టుగా ఉంది ఆమెకు.

మొదట బొద్దుగా ఉన్న పిల్లవాడు వచ్చాడు. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని, మెడ బిగించి, ఊపిరి తీసుకోకుండా చదివాడు. లక్ష్యం దాటి చాలా దూరం పోయాడు. ఆమె ఉండబట్టలేక, నియమాన్ని పక్కన పెట్టి, “చొక్కా ఏమైందిరా?” అని అడిగింది.

“ఏ చొక్కా?” అన్నాడు వాడు.

తర్వాత వచ్చినవాళ్ళూ నెగ్గారు. ఒక్కొక్కరి పేరు ఎదురుగా అంకె వేస్తుంటే ఆమెకు కళ్ళ ముందు తరగతి గది కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నట్టే ఉంది. పొట్టి బెంచీలు, నల్లబల్ల కింద సుద్ద పొడి, అక్షరాలను మోసుకొచ్చే పిల్లలు. ఇంకొద్దిమంది మిగిలారు. అప్పుడు ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల వచ్చి కూర్చుంది.

కొలతకు ముందు ప్రతి పిల్లకీ చదివి వినిపించాల్సిన వాక్యాలు మూడున్నాయి. గడియారం మేడం అట్ట చూసి చదివింది. “ఇప్పుడు నీకొక పేజీ ఇస్తాను. మొదలుపెట్టు అనగానే చదవాలి. నిమిషం కాగానే ఆపమంటాను.”

పిల్ల పేజీ అందుకోలేదు. ఆమె ముఖంలోకి జాలిగా చూసింది.

“మీకు కూడా చూడొద్దని చెప్పారా, మేడం?”

“ఏం చూడొద్దని?”

“కిటికీలోకి. మీరు చదివారు కదా, చుక్కల దగ్గర ఆగలేదు. మాకు మా టీచరు చెప్పారు, ఇవాళ ఒక్కరోజే చూడొద్దని. మీకూ ఇవాళ ఒక్కరోజేనా?”

పిల్ల ఇలా అడిగితే ఏం చెప్పాలో నియమాల్లో లేదు. గడియారం మేడం నోటికి నిజమే వచ్చింది. “నాకు చాలా రోజులైందమ్మా.”

పిల్ల వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూసి, దగ్గరికి జరిగింది. “అయితే ఇప్పుడు ఒకసారి చూసేసుకోండి. నేనెవరికీ చెప్పను.”

ఆమె తల తిప్పింది. కిటికీ అవతల మిల్లు గోడ ఉంది, గోడ మీద పొట్టు, పైన కాస్త ఆకాశం. వాన లేదు, ఎండ కాస్తోంది. తను రాసిన మాటలే మనసులో మెల్లగా అనుకుంది. తీగ మీద ఒక్క చొక్కా ఉండిపోయింది. అది తాతయ్య చొక్కా. ఈ పేజీని ఎన్ని వందల నోళ్ళ నుంచి విన్నదో లెక్కలేదు, ఆ చొక్కా ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడు కనబడింది. మోచేతి దగ్గర అతుకు వేసిన తెల్ల చొక్కా. అందరూ లోపలికి వెళ్ళిపోయాక తడుస్తూ, లోపలివాళ్ళను పిలుస్తున్నట్టు చేతులు ఊపుతోంది. పిల్లల ముందు ఏడవకూడదన్న నియమం ఎవరూ రాయలేదు గాని, అది మాత్రం ఆమె పాటించింది.

“కనబడిందా?” అంది పిల్ల.

“కనబడింది.”

“తడిసిపోయిందా?”

“బాగా తడిసిపోయింది.”

ఆమె లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళి టీచరును పిలిచింది. “మళ్ళీ మొదటి నుంచి చదివిద్దాం. రోజూ ఎలా చదువుతారో అలాగే చదవమని చెప్పు.”

టీచరు ముఖం పాలిపోయింది. “మేడం, ఇంకొద్దిమందే ఉన్నారు. అయిపోతుంది. మీ తరగతి...”

“నీ గేటుకు పసుపు బోర్డు వేస్తారు. దానికి నన్ను తిట్టుకో.”

“బోర్డుదేముందండీ, నేను నత్తనన్న బోర్డు మోసినదాన్ని. నేను మీ గురించి మాట్లాడుతున్నాను.”

“నేనూ నా గురించే మాట్లాడుతున్నాను,” అంది గడియారం మేడం. “మొదట ఆ బొద్దబ్బాయిని పిలువు. వాడు చొక్కా చూడలేదు.”

పాత అంకెలన్నీ కొట్టేసి కొలత మళ్ళీ మొదలుపెట్టారు. పిల్లలు చుక్క చుక్కకూ ఆగారు. గడియారం తన పని తను చేసుకుపోయింది. పళ్ళు ఊడిన పిల్ల తాతయ్య చొక్కా దగ్గర ఆగి, కిటికీలోకి చూసి ఫక్కున నవ్వింది. గడియారం మేడం తల ఊపింది. ఊపకూడదు. అయినా ఊపింది.

బడి లక్ష్యం చేరలేదు.

వారం తిరక్కుండానే సమీక్ష పెట్టారు. తెర మీద అంకెలు కనబడాలని హాలులో పరదాలన్నీ దించేశారు. శాతం సారు మొదటి వరసలో కూర్చున్నారు. ఆయన ముఖంలో ఎనభై శాతం బాధ, ఇరవై శాతం చిరాకు. ఆమె వంతు వచ్చింది.

ఆమె లేచి, మైకు దగ్గరకు వెళ్ళే ముందు గోడవైపు నడిచి, ఒక పరదా పక్కకు లాగింది. వెలుగు పడి తెర మీద అంకెలు వెలిసిపోయాయి. ఎవరో గొణిగారు. ఆమె తిరిగి వచ్చి, కాగితం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

“రైలు పట్టాల అవతలి బడి ఈ ఏడు లక్ష్యం చేరలేదు.”

చుక్క మీద వేలు ఉంచి, తల ఎత్తి కిటికీలోకి చూసింది. హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి.

“అక్కడి పిల్లలు చదివినదాన్ని చూడగలుగుతున్నారు.”

మళ్ళీ ఆగింది. శాతం సారు ముందుకు వంగి, “మేడం, ఆలస్యం అమృతం విషం అన్నారు. ఇంకా చాలా బళ్ళున్నాయి,” అన్నారు మెల్లగా.

“నిదానమే ప్రధానం అని కూడా అన్నారండి,” అంది ఆమె, అంతే మెల్లగా. ఆయన వెనక్కి వాలారు.

“ఆ చూపును కొలిచే పద్ధతి మన దగ్గర లేదు. దాన్ని వదిలేసి లక్ష్యం పెట్టింది నేనే. అందువల్ల నా పని మిగిలే ఉంది. తరగతికి తిరిగి వెళ్తానన్న నా విన్నపాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.”

ఆఖరి చుక్క మీద ఆమె వేలు ఆగింది. తల ఎత్తింది. కిటికీలో తరగతి గది కనబడింది. పొట్టి బెంచీలు, నల్లబల్ల, ముందు వరసలో ఒక పిల్ల. ప అంటోంది, ల అంటోంది, క అంటోంది. ఆగింది. పెదవులు కలిశాయి. ఉలిక్కిపడి పలకను చూసింది. తర్వాత తల ఎత్తి, టీచరు ముఖం ఎక్కడుందా అని చూస్తోంది.

ఆ చుక్క తర్వాత కాగితం మీద ఇంకో వాక్యం లేదు. ఆమె తొందరపడకుండా చూస్తూ నిలబడింది.